టర్బో సెడాన్‌కు మారితే చేతికొచ్చేదెంత, చేజారేదెంత

ఆరేడేళ్ల కిందట హోండా సిటీనో, హ్యుందాయ్ వెర్నానో కొనుక్కున్న ఇళ్లలో ఈ మధ్య ఒకే రకం చర్చ నడుస్తోంది. బండి బాగానే ఉంది. లోన్ తీరిపోయింది. ఇంజన్ ఏ రోజూ మొరాయించలేదు. అయినా మనసు కొత్తదాని మీదకు పోతోంది. ఎస్‌యూవీ వద్దు, ఆ ఎత్తూ ఆ ఊగుడూ పడవు. సెడానే కావాలి, కాకపోతే ఇంకాస్త పికప్ ఉండాలి, కూర్చుంటే ఇంకాస్త హాయిగా ఉండాలి. పాతది ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేసి టర్బో వెర్షన్ (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టి బలం పెంచే రకం) తీసుకుంటే ఎలా ఉంటుంది?

ఈ ప్రశ్న ఇప్పుడే ఎందుకు ఇంత గట్టిగా వినిపిస్తోందంటే, పైకి ఎక్కే మెట్లు మాయమయ్యాయి కాబట్టి. పదేళ్ల కిందట సిటీ నడిపినవాడు తర్వాత సివిక్‌కో, ఎలాంట్రాకో, స్కోడా ఆక్టేవియాకో వెళ్లేవాడు. సివిక్ 2020 చివర్లో మన మార్కెట్ నుంచి తప్పుకుంది. ఎలాంట్రా పోయింది. 2023 ఏప్రిల్‌లో ఉద్గార నిబంధనలు బిగిసినప్పుడు మామూలు ఆక్టేవియా కూడా వెళ్లిపోయింది. మారుతీ సియాజ్ 2025లో ముగిసింది. ఆక్టేవియా ఆర్ఎస్ అనే 265 పీఎస్ (హార్స్‌పవర్) శక్తి గల వేగబండి 2025 అక్టోబరులో తిరిగొచ్చింది గానీ దేశం మొత్తానికీ వంద కార్లు, ఒక్కోటి దాదాపు 50 లక్షలు. విడుదలకు ముందే అన్నీ బుక్కయిపోయాయి. అంటే 12 లక్షల సెడాన్ నుంచి 25 లక్షల సెడాన్‌కు వెళ్లే దారి దాదాపు మూసుకుపోయింది. మిగిలింది అదే సైజులో, అదే తరగతిలో ఇంకాస్త చురుకైన కారు: వెర్నా 1.5 టర్బో, ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ 1.5, స్కోడా స్లావియా 1.5.

దీన్ని పైకెక్కడం అనలేం, పక్కకు జరగడమే. పొడవు అంతే, డిక్కీ అంతే, వెనక సీట్లో మోకాళ్లకు దొరికే జాగా కూడా ఇంచుమించు అంతే. ప్రభుత్వం మాత్రం కొత్త కారు కొన్నట్టే పన్ను మొత్తం వసూలు చేస్తుంది. కాబట్టి ఈ మార్పిడిలో అసలు కొంటున్నదేమిటో ముందు తేల్చుకోవాలి.

బ్యాడ్జీ ఒకటి, బండి ఒకటి

షోరూంలో ‘స్పోర్ట్’ అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి నల్ల గ్రిల్లు, నల్ల అల్లాయ్‌లు, ఎర్ర కుట్టు వేసిన సీట్లు, అల్యూమినియం పెడళ్లు. రెండోది ఇంజన్. ఈ రెండూ ఎప్పుడూ కలిసే వస్తాయనుకుంటే దెబ్బతింటాం. వర్టస్‌లో 2024 అక్టోబరులో ‘జీటీ లైన్’ అని ఒకటి, ‘జీటీ ప్లస్ స్పోర్ట్’ అని ఒకటి వచ్చాయి. పేర్లు అన్నదమ్ముల్లా ఉన్నా మొదటిదానిలో ఉన్నది 1.0 లీటర్ ఇంజన్, రెండోదానిలో 1.5 లీటర్. స్లావియా మోంటే కార్లో రెండు ఇంజన్లతోనూ దొరుకుతుంది. హ్యుందాయ్ తన ‘ఎన్ లైన్’ ముద్ర ఐ20కి, వెన్యూకి, క్రెటాకి వేసింది గానీ మన దగ్గర వెర్నాకు వేయలేదు. వెర్నాలో స్పోర్ట్ అంటే ‘టర్బో’ అన్న అక్షరాలే.

మొదటి అర్థానికి డబ్బు పెట్టడంలో తప్పేం లేదు, చూడముచ్చటగా ఉంటే అదీ సుఖమే. కాకపోతే నల్ల అద్దాలకు, నల్ల అల్లాయ్‌లకు ఇచ్చిన డబ్బు తిరిగి అమ్మేటప్పుడు ఎవరూ ఇవ్వరు.

రెండువేల ఆర్పీఎం దగ్గర జరిగే కథ

అసలు విషయం ఇక్కడుంది. 2023 మార్చిలో వచ్చిన ప్రస్తుత తరం వెర్నాలో రెండు పెట్రోలు ఇంజన్లు. మామూలు 1.5 ఇంజన్ 115 పీఎస్ శక్తి, 144 ఎన్ఎం టార్క్ (తిప్పే బలం) ఇస్తుంది. టర్బో 1.5 ఇంజన్ 160 పీఎస్, 253 ఎన్ఎం. బ్రోషర్ చూసి లెక్క వేస్తే శక్తి 39 శాతం ఎక్కువ. బాగానే ఉంది, కానీ ఆ 115, ఆ 160 రెండూ ఇంజన్ చాలా వేగంగా తిరుగుతున్నప్పటి అంకెలు. హైదరాబాద్‌లో గానీ, విజయవాడలో గానీ రోజూ ఆఫీసుకు వెళ్లేవాడి కారు అయిదారు వేల ఆర్పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) ముఖం నెలకోసారైనా చూస్తుందో లేదో.

రోజువారీ తోలకంలో సూది ఎక్కువసేపు రెండువేల చుట్టుపక్కలే ఉంటుంది. అక్కడ లెక్క వేసి చూడాలి. శక్తి అంటే టార్క్‌ను తిరిగే వేగంతో గుణించడమే. టర్బో ఇంజన్ తన 253 ఎన్ఎంను 1,500 ఆర్పీఎం నుంచే ఇస్తుంది, 3,500 దాకా నిలబెడుతుంది. అంటే 2,000 దగ్గర దాని చేతిలో 72 పీఎస్ ఉంటుంది. మామూలు ఇంజన్ తన 144 ఎన్ఎంను 4,500 దగ్గర గానీ అందుకోదు. అయినా ఉదారంగా 2,000 దగ్గరే మొత్తం ఇచ్చేసిందని అనుకున్నా లెక్క 41 పీఎస్ దాటదు, నిజానికి అంతకంటే తక్కువే. బ్రోషర్‌లో 39 శాతంగా కనిపించిన తేడా, రోజూ వాడే చోట 75 శాతం పైగా అయింది. వర్టస్, స్లావియాల్లోని 1.5 టీఎస్ఐ టర్బో ఇంజన్ (150 పీఎస్, 1,600 నుంచి 3,500 వరకు 250 ఎన్ఎం) విషయంలోనూ ఇదే కథ.

స్పోర్టీ వెర్షన్ సుఖంగా ఉంటుందన్న మాట వింటే తిరకాసుగా అనిపిస్తుంది గానీ, దాని మూలం ఇదే. సుఖం అంటే మెత్తటి సీటొక్కటే అనుకుంటాం. ఒక కుటుంబం నిండుగా ఎక్కి, ఏసీ ఫుల్లుగా పెట్టుకుని, డిక్కీలో సామాను వేసుకుని అనంతగిరి మీదుగా అరకు ఘాట్ ఎక్కుతోందనుకోండి. హెయిర్‌పిన్ మలుపు తిరిగే సరికి బండి వేగం పడిపోతుంది. మామూలు ఇంజన్ అయితే రెండో గేరులో కాలు గట్టిగా నొక్కాలి, సూది నాలుగువేలు దాటాలి, ఇంజన్ అరవాలి, అప్పుడు గానీ కదలదు. ఆ ఊపు దొరికాక మళ్లీ మలుపు, మళ్లీ బ్రేకు. వెనక సీట్లో పిల్లలకు వాంతులయ్యేది ఈ ఊపుడు వల్లే. టర్బోలో అదే మలుపు దగ్గర కాలు కొంచెం ఆనిస్తే చాలు, శబ్దం పెద్దగా పెరగకుండా బండి తనంతట తాను ఎక్కుతుంది. వెనక ఉన్నవాళ్లకు మలుపు తెలుస్తుంది గానీ ఇంజన్ తెలియదు.

సింగిల్ రోడ్ల మీదా అంతే. మన్ననూరు నుంచి దోర్నాల వైపు శ్రీశైలం దారిలో గానీ, రెండు వరసల రాష్ట్ర రహదారుల మీద గానీ ముందున్న లారీని దాటడానికి ఎదురుగా దొరికే ఖాళీ కొద్దిసేపే. 50 నుంచి 90కి ఎంత త్వరగా వెళ్తుందన్నదే అక్కడ భద్రత. సున్నా నుంచి వందకు ఎన్ని సెకన్లన్నది మన రోడ్ల మీద ఎవరికీ అక్కర్లేని లెక్క. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద కూడా గరిష్ఠ వేగం 120. దానికి 115 పీఎస్ బండే ఎక్కువ.

మైలేజీ పడిపోతుందన్న భయం ఒకటి అందరికీ ఉంటుంది. కంపెనీ ప్రకటించిన అంకెల్లో అయితే వెర్నా టర్బో ఆటోమేటిక్‌కు లీటరుకు 20.6 కిలోమీటర్లు, మామూలు మాన్యువల్‌కు 18.6. తక్కువ ఆర్పీఎంలో పని అయిపోవడం దీనికి ఒక కారణం. 1.5 టీఎస్ఐలో ఇంకో ఏర్పాటుంది: హైవే మీద తేలిగ్గా పోతున్నప్పుడు నాలుగు సిలిండర్లలో మధ్యవి రెండూ ఆగిపోతాయి. ఇవన్నీ కాలు అదుపులో ఉన్నవాడికే. టర్బో పికప్‌కు ఒకసారి అలవాటుపడిన కాలు అదుపులో ఉండటం కష్టం, సిటీ సిగ్నళ్ల మధ్య ఆ లెక్కలన్నీ తలకిందులవుతాయి.

గేర్‌బాక్స్ దగ్గర తిరకాసు

ఇంతవరకు టర్బోదే పైచేయి. సిటీ ట్రాఫిక్‌లోకి రాగానే కథ మారుతుంది.

1.5 టీఎస్ఐ ఆటోమేటిక్‌లో ఉండేది ఏడు గేర్ల డీఎస్‌జీ. రెండు పొడి క్లచ్‌లు, ఒకటి సరిసంఖ్య గేర్లకు, ఇంకోటి బేసి గేర్లకు. ఒక గేరు పనిచేస్తుండగానే తర్వాతది సిద్ధంగా ఉంటుంది కాబట్టి మార్పు రెప్పపాటులో అయిపోతుంది. హైవే మీద దీనికి సాటి లేదు. కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీ వైపు పొద్దున తొమ్మిది గంటల రద్దీలో మాత్రం పరిస్థితి వేరు. బండి మూడడుగులు పోతుంది, ఆగుతుంది, మళ్లీ రెండడుగులు. ప్రతిసారీ ఆ పొడి క్లచ్ సగం పట్టి సగం జారుతూ బండిని లాగాలి. మాన్యువల్ కారులో అర క్లచ్ మీద తోలితే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది, కాకపోతే ఆ పని కాలు బదులు కంప్యూటర్ చేస్తుంది. క్లచ్ వేడెక్కుతుంది, కదలిక కొంచెం కుదుపుగా మారుతుంది.

అదే వర్టస్, స్లావియాల చిన్న 1.0 టీఎస్ఐ (115 పీఎస్, 178 ఎన్ఎం) ఆటోమేటిక్‌లో ఉండేది ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్. ఇందులో ఇంజన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య శక్తిని అందించేది ద్రవం. నత్తనడక ట్రాఫిక్‌లో అది జారడానికే పుట్టింది, జారినా అరిగేదేమీ లేదు. అంటే రోజుకు రెండు గంటలు నగరపు రద్దీలోనే గడిపేవాడికి తక్కువ శక్తి ఉన్న వెర్షనే ఎక్కువ సుఖం. స్పోర్టీగానూ ఉండాలి, సుఖంగానూ ఉండాలి అనుకునేవాళ్లలో చాలామంది నేరుగా అన్నిటికంటే ఖరీదైన ఆటోమేటిక్‌ను బుక్ చేస్తారు. వాళ్లలో సగం మందికి ఆ కారు ఆదివారాలు మాత్రమే బాగుంటుంది.

డీఎస్‌జీ తీసుకున్నవాళ్లు ఒక అలవాటు చేసుకుంటే దాని ఆయుష్షు పెరుగుతుంది: ముందు బండికి కొంచెం ఖాళీ వదిలి, ఒక్కసారిగా కదిలి ఆగాలి, బ్రేకు మీద కాలు సగం పెట్టి దేకించకూడదు. హైదరాబాద్‌లో ఖాళీ వదిలితే అందులోకి ఆటో దూరుతుంది, అది వేరే సంగతి. ఇక 1.5 టర్బో మాన్యువల్ తీసుకుంటే ఈ గొడవే లేదు, పైగా ధర తక్కువ, కాలికి మాత్రం పని.

నగరంలో హాయి ఒక్కటే కావాలంటే జాబితాలో ఇంకో పేరుండాలి. హోండా సిటీ హైబ్రిడ్‌లో మామూలు వేగాల్లో చక్రాలను తిప్పేది ఎలక్ట్రిక్ మోటారు, దాని టార్క్ కూడా 253 ఎన్ఎం, అదీ ఆగి ఉన్న చోటు నుంచే. గేరు మార్పులే లేవు, కుదుపు లేదు. దాని బ్యాటరీ డిక్కీలో బాగా జాగా తింటుంది, నడపడంలో ఉత్సాహమూ తక్కువే. పెళ్లిళ్లకు సూట్‌కేసులు వేసుకుని తిరిగే ఇంటికి అది పనికిరాదు.

గతుకుల మీద ఎవరు గెలుస్తారు

సస్పెన్షన్ గురించి ఒక అపోహ ఉంది. టర్బో వెర్షన్‌లో ఇంకా గొప్ప సస్పెన్షన్ ఉంటుందని, అందుకే రోడ్డును అంత బాగా పట్టుకుంటుందని. వెర్నా, వర్టస్, స్లావియా, సిటీ అన్నిటిలోనూ వెనక చక్రాలకు ఉండేది టార్షన్ బీమే, అంటే రెండు చక్రాలనూ కలిపే ఒక దూలం. ఒక చక్రం గుంటలో పడితే రెండో చక్రానికి కూడా కొంత కబురు అందుతుంది. ఏ చక్రానికి ఆ చక్రం విడిగా కదిలే మల్టీలింక్ ఏర్పాటు పాత సివిక్‌లో ఉండేది, ఈ తరగతిలో లేదు. కాబట్టి ఎన్ని లక్షలు ఎక్కువ పెట్టినా వెనక సీటు గతుకుల సుఖం మూలంలో మారదు.

మారేది టైర్ల దగ్గర. 205/55 ఆర్16 టైరు పక్కగోడ ఎత్తు 205లో 55 శాతం, అంటే దాదాపు 113 మిల్లీమీటర్లు. చిన్న వేరియంట్లలో వచ్చే 185/65 ఆర్15 టైరుకు అది 120. రోడ్డు దెబ్బను ముందుగా మింగేది ఆ గాలి గోడే. ఏడు మిల్లీమీటర్లకే తేడా తెలుస్తుందా అంటే, పదునైన అంచున్న గుంటల మీద తెలుస్తుంది. ఇక కొన్న నెలకే 17 అంగుళాల అల్లాయ్‌లు వేయించి 205/50 టైర్లు తొడిగితే పక్కగోడ 103 దగ్గర ఆగుతుంది. స్పోర్టీగా కనిపించడానికి పెట్టిన ఖర్చు నేరుగా నడుముకు తగులుతుంది, వానాకాలంలో ఒక గుంటకు అల్లాయ్ వంగితే ఇంకో ఖర్చు. ఆ డబ్బుతో అదే 16 అంగుళాల్లో మంచి రకం టైర్లు వేయించుకుంటే పట్టు, నిశ్శబ్దం, మెత్తదనం మూడూ దొరుకుతాయి.

ఇక్కడే అసలు మోసపోయే చోటు వస్తుంది, దానికి షోరూంవాళ్ల తప్పేం లేదు. ఆరేళ్లు, డెబ్భై వేల కిలోమీటర్లు తిరిగిన కారులోంచి దిగి, మూడువేల కిలోమీటర్లు తిరిగిన డెమో కారు ఎక్కుతాం. అబ్బ, ఎంత తేడా అనిపిస్తుంది. ఆ తేడాలో ఎంత భాగం టర్బోది, ఎంత భాగం కొత్తదనానిది? పాత కారులో షాక్ అబ్జార్బర్లలో నూనె పలచబడింది, లోయర్ ఆర్మ్ బుష్‌లు పగిలాయి, ఇంజన్ మౌంట్లు కుంగాయి, టైర్లు గట్టిపడ్డాయి. ఇవన్నీ రోజూ కొంచెం కొంచెంగా జరిగేవి కాబట్టి నడిపేవాడికి తెలియవు. ఈ వస్తువులు మార్పించి, అలైన్‌మెంట్ చేయించి, నాలుగు కొత్త టైర్లు వేయించడానికయ్యే ఖర్చు, కొత్త కారుకు కట్టే పన్నులో పిసరంత. అది చేయించాక వెళ్లి టెస్ట్ డ్రైవ్ చేస్తే, కనిపించే తేడా అసలు తేడా. అది ఇంజన్‌దే.

టెస్ట్ డ్రైవ్ అంటే షోరూం చుట్టూ నున్నటి రోడ్డు మీద పది నిమిషాలు తిప్పడం మన దగ్గర ఆనవాయితీ. పక్కన కూర్చున్న కుర్రాడు ‘ఒకసారి గట్టిగా తొక్కండి సార్’ అంటాడు. గట్టిగా తొక్కితే టర్బో బాగుండక ఏమవుతుంది? తొక్కకుండా చూడాలి. కాలనీలో స్పీడ్ బ్రేకర్లు వరసగా ఉన్న వీధిలోకి తిప్పాలి. 1,200 ఆర్పీఎం దగ్గర, టర్బో ఇంకా మేలుకోని చోట, కాలు నెమ్మదిగా ఆనించి చూడాలి, అక్కడ కొంచెం మందకొడిగా ఉండి తర్వాత ఒక్కసారిగా దూకే గుణం కనిపిస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లను వెనక కూర్చోబెట్టాలి. స్పోర్టీ సెడాన్లు కిందికి ఉంటాయి, కప్పు వెనక్కి వాలి ఉంటుంది, మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ తల వంచి లోపలికి దిగి మళ్లీ పైకి లేవాల్సి వస్తుంది. ముందు సీట్ల వెంటిలేషన్ మన ఎండల్లో వరం, ఒప్పుకోవాల్సిందే, కానీ అది ముందు కూర్చున్న ఇద్దరికే.

పాత కారుకు ఎంతిస్తారు, కొత్తదానికి ఎంత పోతుంది

2025 సెప్టెంబరు 22 నుంచి కార్ల జీఎస్టీ మారింది. నాలుగు మీటర్ల లోపు, చిన్న ఇంజన్ ఉన్న కార్లకు 18 శాతం, మిగతా పెట్రోలు, డీజిల్ కార్లకు 40 శాతం. ఈ సెడాన్లు నాలుగు మీటర్లు దాటినవి కాబట్టి 40 శాతం కిందికే వస్తాయి. ఇదివరకు 28 శాతం పన్ను, 17 శాతం సెస్సు కలిసి 45 ఉండేది. కాబట్టి ధర సుమారు 3.4 శాతం తగ్గినట్టు. చిన్న కార్లకు దక్కిన ఊరటతో పోలిస్తే ఇది చిల్లరే.

ఎక్స్‌షోరూం 17 లక్షల కారు అనుకుందాం. అందులో జీఎస్టీయే దాదాపు 4.86 లక్షలు. దాని మీద లైఫ్ ట్యాక్స్. పది లక్షలు దాటిన కార్లకు తెలుగు రాష్ట్రాల్లో 17 శాతం, ఆపైన. 17 శాతమే వేసుకున్నా 2.89 లక్షలు. రెండూ కలిపితే 7.75 లక్షలు. పది లక్షలు దాటిన కారుకు ఒక శాతం టీసీఎస్ (అమ్మేవాడే ముందుగా పట్టుకునే ఆదాయపు పన్ను) కూడా వసూలు చేస్తారు, అది మాత్రం ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటవుతుంది. పాత కారుకు ఆరేళ్ల కిందట కట్టిన లైఫ్ ట్యాక్స్‌లో ఇంకా వాడని ఏళ్లెన్నో మిగిలి ఉంటాయి. అవి దాన్ని కొన్నవాడికి పోతాయి. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో పాత కారు ఎక్స్ఛేంజ్‌లో ఇస్తే దాని విలువ తీసేసి మిగతా మొత్తం మీదే అమ్మకపు పన్ను వేస్తారు. అక్కడున్న మనవాళ్లు చెప్పే ఎక్స్ఛేంజ్ లెక్కలు ఇక్కడ పనికిరాకపోవడానికి ఇదొక కారణం. మన దగ్గర పాతది ఎంతకు ఇచ్చినా కొత్తదానికి పన్ను పూర్తిగా కట్టాల్సిందే.

అందుకే అదే తరగతిలో మారడానికి అయ్యే ఖర్చును వేరియంట్ల ధరల మధ్య తేడాగా చూడకూడదు. ‘టర్బోకు రెండు లక్షలే ఎక్కువ కదా’ అనే మాట కొత్తగా సెడాన్ కొనేవాడికి సరిపోతుంది. ఇప్పటికే సెడాన్ ఉన్నవాడు కట్టేది కొత్త కారు ఆన్‌రోడ్ ధరలోంచి పాతదానికి వచ్చింది తీసేయగా మిగిలినదంతా. ఏ 13, 14 లక్షలో అయితే అందులో సగానికి పైగా పన్నులకే పోయినట్టు. మొదటిసారి కొనేవాడు మామూలు వెర్షన్ బదులు టర్బో తీసుకోవడం తెలివైన పని. మామూలు వెర్షన్ కొని మూడేళ్లకే టర్బోకు మారడం అన్నిటికంటే ఖరీదైన దారి. ఏడెనిమిదేళ్లు దాటి, ఎలాగూ మార్చాల్సిన బండి అయితే ఆ లెక్క వేరు, అప్పుడు ఆ రెండు లక్షల తేడాయే అసలు తేడా.

ఎక్స్ఛేంజ్ బోనస్ గురించి కూడా రెండు మాటలు. షోరూంలో పాత కారుకు 6 లక్షలు వెల కట్టి, పైన 50 వేలు బోనస్ అంటారనుకోండి. బయట నేరుగా అమ్మితే 6.8 లక్షలు వచ్చే బండి అది. బోనస్ కలిపినా తక్కువే. షోరూంవాళ్లు తక్కువ కట్టడానికి కారణముంది: ఆ బండిని శుభ్రం చేయించి, అమ్ముడయ్యేదాకా పెట్టుకుని, తమకు మిగిలే మార్జిన్ మీద 18 శాతం జీఎస్టీ కట్టాలి. మనిషికీ మనిషికీ మధ్య అమ్మకంలో ఆ జీఎస్టీ లేదు. దానికి బదులు తిరుగుడు, బేరాలు, ఫోన్లు, డబ్బు చేతికొచ్చేదాకా అనుమానం. ఈ తలనొప్పి ధర ఎంతో ఎవరికి వారే వేసుకోవాలి. బేరం మాత్రం రెండుగా విడగొట్టాలి. పాత కారు ఊసెత్తకుండా ముందు కొత్తదాని మీద నగదు తగ్గింపు ఎంతో రాయించుకోవాలి, తర్వాతే పాతది బయటికి తీయాలి. రెండూ ఒకేసారి మాట్లాడితే ఒక చేత్తో ఇచ్చిన బోనస్ ఇంకో చేత్తో తగ్గింపులోంచి తీసేస్తారు, కోటేషన్‌లో అది కనిపించదు.

ఇన్సూరెన్స్‌లో ఒక విచిత్రముంది. థర్డ్ పార్టీ ప్రీమియం ఇంజన్ సీసీని బట్టే ఉంటుంది, శక్తిని బట్టి కాదు. వెర్నా టర్బో 1,482 సీసీ, వర్టస్ 1.5 ఇంజన్ 1,498 సీసీ, రెండూ 1,500 గీత కిందే. కాబట్టి 115 పీఎస్ బండికీ 160 పీఎస్ బండికీ ఆ ప్రీమియం ఒకటే. 999 సీసీ ఉన్న 1.0 టీఎస్ఐ ఇంకో మెట్టు కిందికి, వెయ్యి లోపు శ్లాబులోకి వెళ్తుంది. ఓన్ డ్యామేజ్ (మన బండికి జరిగే నష్టం) ప్రీమియం మాత్రం కారు విలువతో పాటు పెరుగుతుంది. అక్కడే నో క్లెయిమ్ బోనస్ (ఎన్‌సీబీ) అక్కరకొస్తుంది. వరసగా ఐదేళ్లు క్లెయిమ్ లేకపోతే అది 50 శాతం. ఆ బోనస్ కారుది కాదు, యజమానిది. పాత కారు అమ్మేటప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి ఎన్‌సీబీ రిటెన్షన్ లెటర్ తీసుకుంటే మూడేళ్ల లోపు కొత్త కారుకు వాడుకోవచ్చు. హడావుడిలో చాలామంది దీన్ని వదిలేస్తారు, షోరూంలో ఇన్సూరెన్స్ కౌంటర్ దగ్గర గుర్తుచేసేవాడూ ఉండడు.

కాగితాల దగ్గర చేసే అశ్రద్ధ ఇంతకంటే ప్రమాదం. పాత కారు షోరూంకు ఇచ్చేశాం, డబ్బు సర్దుబాటయింది, ఇక మనకు సంబంధం లేదనుకుంటాం. ఆర్సీలో పేరు మారనంత కాలం చట్టం దృష్టిలో యజమాని పాతవాడే. 2018లో నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది: బండి చేతులు మారినా, ప్రమాదం జరిగితే పరిహారానికి జవాబుదారీ రిజిస్టర్లో పేరున్నవాడే. 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకొచ్చిన నిబంధనల ప్రకారం, అధీకృత డీలరుకు బండి అప్పగిస్తే ఫారం 29సీ ద్వారా ఆ సంగతి రవాణా శాఖకు తెలియజేయాలి, అప్పటి నుంచి బాధ్యత డీలరుది అవుతుంది. అలాంటి అనుమతి లేని దళారీకి ఇస్తే ఖాళీ ఫారం 29, 30ల (పేరు మార్పిడి కాగితాల) మీద సంతకాలు చేసి వదిలేయడం తప్ప చేతిలో ఏమీ ఉండదు. లోన్ తీరినా ఆర్సీలో బ్యాంకు పేరు అలాగే ఉండిపోయిన ఇళ్లు బోలెడు. ముందుగా బ్యాంకు ఎన్ఓసీ, ఫారం 35 పెట్టి ఆ పేరు తీయించుకోకపోతే బేరం దగ్గర అదే సాకుగా పది వేలో పాతిక వేలో తగ్గిస్తారు.

పేరు మార్పిడి ఆలస్యానికి తెలంగాణలో ఇంకో రుసుము ఉంది. ఒక వ్యక్తి పేరు మీద అప్పటికే ఒక కారు ఉంటే, రెండో కారుకు లైఫ్ ట్యాక్స్ రెండు శాతం అదనం. పాతది ఇచ్చేశామనుకుని కొత్తది రిజిస్ట్రేషన్‌కు పెడితే, రికార్డులో పాతది ఇంకా అదే పేరు మీద కనిపిస్తుంది. 17 లక్షల కారుకు ఆ రెండు శాతం 34 వేలు. కొత్త బండి డెలివరీ తేదీ ఖాయం చేసుకునేముందు పాత నంబరు ఆర్సీ ఎవరి పేరు మీద చూపిస్తోందో రవాణా శాఖ యాప్‌లో ఒకసారి కొట్టి చూసుకోవాలి. ఫాస్టాగ్ కూడా ఆ రోజే మూయించాలి, లేదంటే కొన్నవాడు పంతంగి టోల్ దాటినప్పుడల్లా మెసేజ్ పాత యజమాని ఫోనుకే వస్తుంది, డబ్బూ అతని ఖాతాలోంచే పోతుంది.